స్కూబా నేర్చుకోవాలనుంది, ఈత అంతంత మాత్రం: కోర్సు చేయాలా, ఒక్కరోజు డైవ్ చాలా?

కృష్ణలంక_లలిత · విజయవాడ

అందరికీ నమస్కారం. సంక్రాంతి వెళ్ళాక అండమాన్ వెళ్తున్నాం. నేను, మా వారు, మా పాప. పాపకు 12 ఏళ్ళు. ట్రావెల్స్ వాళ్ళు ఇచ్చిన ప్యాకేజీలో స్వరాజ్ ద్వీప్‌లో ఒక స్కూబా డైవ్ ఉంది, అంటే గాలి సిలిండర్ కట్టుకుని నీటి అడుగుకు వెళ్ళడం. పాత పేరు హేవ్‌లాక్. ఆ ఒక్క డైవ్ చాలని నేను, కాదు పూర్తి కోర్సు చేసి సర్టిఫికెట్ తెచ్చుకోవాలని పాప. దానికి ఈత బాగా వచ్చు, వేసవిలో కోచింగ్ కూడా తీసుకుంది. నేను పూల్‌లో ఈ చివర నుంచి ఆ చివరకు వెళ్ళగలను, అంతే. కాళ్ళకు నేల అందకపోతే టెన్షన్ మొదలవుతుంది. వయసు 41. ఇంకో సంగతి, విమానం దిగేటప్పుడు నాకు చెవులు పట్టేస్తాయి.

మా చుట్టాల్లో స్కూబా చేసినవాళ్ళు ఎవరూ లేరు. ఇంట్లో పెద్దవాళ్ళు "ఆడపిల్లను తీసుకెళ్ళి సముద్రంలో దింపుతారా" అంటున్నారు. వాళ్ళకు సమాధానం చెప్పాలన్నా ముందు నాకు తెలియాలి కదా. ఒక్కరోజు డైవ్‌కీ కోర్సుకీ అసలు తేడా ఏమిటి? ఇక్కడ ఉండగానే నేను ఏం సాధన చేయవచ్చు? చేసినవాళ్ళు చెప్పండి.

పటమట_కుర్రాడు · విజయవాడ

అక్కా, ఒక్కరోజు డైవ్‌కి ఈత అక్కర్లేదు. మేం ఫ్రెండ్స్ అందరం గోవాలో గ్రాండ్ ఐలాండ్ దగ్గర చేశాం. మాలో సగం మందికి ఈత రాదు. ఇన్‌స్ట్రక్టర్ వెనక ట్యాంకు పట్టుకునే ఉంటాడు. మనం గాలి పీలుస్తూ చూస్తూ ఉండటమే. చేపల గుంపు ముఖం ముందు నుంచి పోతుంటే ఆ ఆనందమే వేరు. భయం పెట్టుకోకుండా చేసేయండి.

సాగరతీరం · విశాఖపట్నం

లలిత గారూ, మాది తెనాలి. ఉద్యోగం విశాఖలో. డైవ్‌మాస్టర్ వరకు చేశాను, సెలవు రోజుల్లో కొత్తవాళ్ళకు తోడుగా నీళ్ళలోకి దిగుతుంటాను.

తమ్ముడు చెప్పింది ఒక్కరోజు డైవ్ వరకు నిజమే. అందులో మీకు కట్టే బరువులు, మీ లోతు, మీ గాలి అన్నీ ఇన్‌స్ట్రక్టరే చూసుకుంటాడు. 12 మీటర్లు దాటి తీసుకెళ్ళకూడదు. పైకొచ్చాక మీకు ఒక అనుభవం మిగులుతుంది, విద్య మిగలదు. పాడీ, ఎస్ఎస్ఐ లాంటి స్కూబా శిక్షణ సంస్థల ఓపెన్ వాటర్ కోర్సు వేరు. థియరీ ఇంటి దగ్గరే ఆన్‌లైన్‌లో చదువుకోవచ్చు. తర్వాత పూల్‌లో గానీ ఒడ్డు దగ్గర లోతు లేని నీళ్ళలో గానీ మెళకువలు నేర్పుతారు. ఆ పైన సముద్రంలో 4 డైవ్‌లు. అక్కడికి వెళ్ళాక మూడు నాలుగు రోజులు పడుతుంది. ఖర్చూ ఒక్కరోజు డైవ్‌కి కొన్ని రెట్లు ఉంటుంది. సర్టిఫికెట్ వచ్చాక ఇంకో డైవర్‌ను జతగా పెట్టుకుని 18 మీటర్ల వరకు ఎక్కడైనా దిగవచ్చు.

మీ పాప సంగతి. 10 ఏళ్ళు నిండితే జూనియర్ ఓపెన్ వాటర్ చేయవచ్చు. 12 నుంచి 14 ఏళ్ళ పిల్లలు 18 మీటర్ల దాకా వెళ్ళవచ్చు, కానీ పక్కన సర్టిఫికెట్ ఉన్న పెద్దవాళ్ళు ఉండి తీరాలి. ఇప్పుడు పాప ఒక్కతే కోర్సు చేస్తే ముందు ముందు ప్రతిసారీ తోడు వెతుక్కోవాలి. మీరు కూడా చేస్తే ఆ తోడు మీరే అవుతారు. నన్నడిగితే ఇద్దరూ కలిసి చేయండి.

ఇక పెద్దవాళ్ళకు చెప్పాల్సిన మాట. స్కూబాలో మొదటి నియమం ఊపిరి ఎప్పుడూ బిగబట్టకూడదు అన్నదే. ఎందుకో అర్థమైతే మిగతా నియమాల్లో సగం వాటంతటవే అర్థమవుతాయి. నీటిపైన ఉండగా మన మీద ఒక వాతావరణ పీడనం ఉంటుంది. కిందికి ప్రతి 10 మీటర్లకూ ఇంకొకటి చేరుతుంది. 10 మీటర్ల దగ్గర రెండు, 20 దగ్గర మూడు. నోట్లో పెట్టుకునే రెగ్యులేటర్ ఆ లోతులో ఉన్న పీడనానికి సరిపడా గాలి ఇస్తుంది. అందుకే 10 మీటర్ల దగ్గర మీరు నిండుగా పీల్చిన గాలి నీటిపైకి వచ్చేసరికి రెండింతల చోటు అడుగుతుంది. ఊపిరి వదులుతూ వస్తే ఎక్కువైన గాలి బుడగలుగా పోతుంది. కంగారుపడి గొంతు బిగించి పైకి దూసుకొస్తే అది ఊపిరితిత్తులను చీల్చుకుని రక్తంలోకి పోవచ్చు. పీడనం తగ్గితే గాలి పరిమాణం పెరుగుతుందని బడిలో చదివిన బాయిల్ నియమం ఇక్కడ ప్రాణం మీది సంగతి. లోతు తక్కువైతే ప్రమాదం తక్కువని కూడా అనుకోవద్దు. గాలి పరిమాణం అన్నింటికన్నా ఎక్కువగా మారేది పైనున్న ఆ 10 మీటర్లలోనే.

బందరు_కాలువ · విజయవాడ

అమ్మా లలితా, నేను పిల్లలకు ఈత నేర్పుతాను. స్కూబాకు ఈత అక్కర్లేదని చెప్పేవాళ్ళ మాట నాకు నచ్చదు. పడవ మీద నుంచి దిగే మనిషికి నీళ్ళు కొత్త కాకూడదు.

కోర్సుకు కావలసిన ఈత మరీ పెద్దది కాదు. ఆగకుండా 200 మీటర్లు, ఏ పద్ధతిలోనైనా సరే, టైం లెక్క లేదు. 25 మీటర్ల పూల్‌లో ఎనిమిది నిడివులు. తర్వాత 10 నిమిషాలు దేన్నీ పట్టుకోకుండా తేలుతూ ఉండాలి. నువ్వు రెండోదానితో మొదలుపెట్టు. లోతు వైపు గట్టు పక్కనే వెల్లకిలా తేలడం, తర్వాత నిలువుగా కాళ్ళు మెల్లగా ఆడిస్తూ ఉండటం. నేల అందని చోట నిలకడగా ఉండగలిగిన రోజున నీ టెన్షన్ చాలావరకు పోతుంది. దూరం దానంతటదే పెరుగుతుంది.

ఇంకొకటి, ఈత బాగా వచ్చినవాళ్ళ కోసం చెప్తున్నాను. మనూళ్ళో చాలామంది బందరు కాలువలోనో ఏలూరు కాలువలోనో కృష్ణ ఘాట్లలోనో నేర్చుకున్నవాళ్ళం. మాకు నీళ్ళంటే ఊపిరి బిగబట్టి మునగడం, బలంగా చేతులు వేసి ప్రవాహాన్ని కోయడం. సాగరతీరం గారు చెప్పినదాన్ని బట్టి చూస్తే స్కూబాలో ఆ రెండూ పనికిరావు. మీ పాపకు ఈత వచ్చు కాబట్టి ఆ బిగబట్టే అలవాటు ఉండే ఉంటుంది. ఇద్దరూ పూల్‌లో స్నార్కెల్ (నోటితో గాలి పీల్చే గొట్టం) పెట్టుకుని, మాస్క్ లేకుండా ముఖం నీళ్ళలో ఉంచి, నోటితో తాపీగా పీల్చి వదలడం అలవాటు చేసుకోండి. ముక్కు దగ్గర నీళ్ళున్నా నోటితో ఊపిరి ఆడుతుందని ఒంటికి తెలియాలి.

సాగరతీరం · విశాఖపట్నం

బందరు కాలువ గారూ, ఇదే నేను కళ్ళారా చూస్తుంటాను. గజ ఈతగాళ్ళు అనిపించుకున్నవాళ్ళే మొదటి డైవ్‌లో గాలి తొందరగా అయిపోగొడతారు. చేతులు ఆడించే కొద్దీ ఆయాసం, ఆయాసానికి ఇంకా గాలి. చేతులు ముడుచుకుని, కాళ్ళకు తొడుక్కున్న రెక్కల్లాంటి ఫిన్స్‌తో నెమ్మదిగా కదిలేవాళ్ళే హాయిగా ఉంటారు.

కృష్ణలంక_లలిత · విజయవాడ

ఇంత వివరంగా చెప్పినందుకు చాలా థాంక్స్ అండీ. స్నార్కెల్ సంగతి పాపకు చెప్తే ఇవాళే కొనమంటోంది. నా భయం మాత్రం చెవుల దగ్గరే ఉంది. డాక్టర్లు ఎవరైనా ఉంటే చెప్తారా?

చెవి_ముక్కు_గొంతు · గుంటూరు

లలిత గారూ, నేను ఈఎన్‌టీ డాక్టర్‌ని, నాకూ డైవింగ్ అలవాటుంది. మిమ్మల్ని చూడకుండా మీ చెవుల గురించి చెప్పలేను, వెళ్ళేముందు తప్పకుండా చూపించుకోండి. అసలు ఏం జరుగుతుందో మాత్రం చెప్తాను.

కర్ణభేరి వెనక చిన్న గాలి గది ఉంటుంది. అక్కడి నుంచి ముక్కు వెనక భాగానికి యూస్టేషియన్ నాళం అనే సన్నని దారి. మీరు కిందికి దిగే కొద్దీ బయట నీటి పీడనం పెరిగి కర్ణభేరిని లోపలికి నొక్కుతుంది. ఆ నాళం తెరుచుకుని లోపలికి గాలి వెళ్తే రెండు వైపులా సమానమవుతుంది. ఇది చేయకపోతే పూల్ లోతు వైపు రెండు మూడు మీటర్ల దగ్గరే నొప్పి మొదలవుతుంది. విమానం దిగేటప్పుడు మీకు జరిగేదీ ఇదే, నీళ్ళలో ఇంకా వేగంగా జరుగుతుంది.

చేయాల్సింది ఇది. ముక్కు వేళ్ళతో మూసి, నోరు మూసి, ముక్కులోకి మెల్లగా గాలి ఊదండి. చెవుల్లో టిక్‌మని చిన్న చప్పుడు వినిపిస్తుంది. కొందరికి ముక్కు మూసుకుని గుటక వేస్తే తెరుచుకుంటుంది, ఇంకొందరికి దవడ అటూ ఇటూ కదిపితే చాలు. మీకు ఏది పనిచేస్తుందో ఇంట్లోనే చూసుకోండి. రోజూ కొన్నిసార్లు సున్నితంగా చేస్తే అలవాటవుతుంది. బలంగా మాత్రం ఎప్పుడూ ఊదకూడదు, లోపలి చెవి దెబ్బతింటుంది.

నీళ్ళలో నొప్పి వచ్చాక చేద్దామని ఆగవద్దు. తల నీళ్ళలో మునగగానే ఒకసారి, తర్వాత మీటరు కూడా దిగకముందే ఇంకోసారి, అలా చేస్తూనే దిగాలి. తల పైకి, కాళ్ళు కిందికి ఉంచి తాడు పట్టుకుని దిగితే తేలిక. తెరుచుకోకపోతే ఇన్‌స్ట్రక్టర్‌కు చెవి చూపించి, చెయ్యి అటూ ఇటూ తిప్పి సైగ చేయండి. ఒక మీటరు పైకి వెళ్ళి మళ్ళీ ప్రయత్నించాలి. అప్పటికీ కాకపోతే ఆ రోజుకు డైవ్ ఆపేయాలి. డబ్బులు కట్టాం కదా అని నొప్పితో దిగి కర్ణభేరికి చిల్లు పడ్డాక నా దగ్గరికి వచ్చినవాళ్ళున్నారు.

జలుబు ఉంటే డైవ్ వద్దు. ముక్కు దిబ్బడ తగ్గించే మాత్ర వేసుకుని దిగడం ఇంకా చెడ్డ ఆలోచన. కింద ఉండగా మందు పని అయిపోతే, పైకి వచ్చేటప్పుడు చెవి లోపలి గాలికి బయటికి దారి ఉండదు. గుంటూరులో మిర్చి యార్డు చుట్టుపక్కల పనిచేసేవాళ్ళకు ప్రత్యేకంగా చెప్తున్నాను. కొత్త పంట వచ్చే రోజుల్లో ఆ ఘాటుకు ముక్కులు వాచి ఉంటాయి, అండమాన్ సీజనూ అప్పుడే. అలర్జీ ఉన్నవాళ్ళు కొన్ని వారాల ముందే వైద్యం మొదలుపెట్టుకోండి.

అరండల్‌పేట_అనుపమ · గుంటూరు

లలితక్కా, నేను ఓపెన్ వాటర్ నేతరాణిలో చేశాను, కర్ణాటకలో మురుడేశ్వర్ నుంచి పడవలో వెళ్ళే ద్వీపం. ఈత మాత్రం ఇక్కడే, బృందావన్ గార్డెన్స్ ఎన్టీఆర్ స్టేడియం పూల్‌లో.

కోర్సులో అందరినీ భయపెట్టేది మాస్క్‌లోకి నీళ్ళు నింపి ఖాళీ చేయడం. నీళ్ళు ముక్కు దగ్గరకు రాగానే ముక్కుతో పీల్చేస్తాం, పొలమారుతుంది, పైకి పారిపోవాలనిపిస్తుంది. కిటుకు ఏంటంటే మాస్క్ పై అంచును నుదుటికి నొక్కి, చూపు పైకెత్తి, ముక్కుతో నిదానంగా గాలి వదలాలి. కింది అంచు నుంచి నీళ్ళు వాటంతటవే వెళ్ళిపోతాయి. మా ఇన్‌స్ట్రక్టర్ చాలా ఓపికమంతురాలు. "నీకు కావలసినంత టైం తీసుకో, ట్యాంకులో గాలి ఉంది" అని పలక మీద రాసి చూపించేది. ట్యాంకులో గాలి ఉంది అన్న ఆ ఒక్క మాట నా భయాన్ని సగం తగ్గించింది. రెగ్యులేటర్ నోట్లోంచి తీసి మళ్ళీ పెట్టుకోవడం కూడా నేర్పుతారు. తీసి ఉన్నంతసేపూ పెదవుల మధ్య నుంచి చిన్న చిన్న బుడగలు వదులుతూనే ఉండాలి. ఊపిరి బిగబట్టకూడదన్న నియమం అక్కడ కూడా.

సైగల్లో ఒకటి మనవాళ్ళకు బాగా తికమక. బొటనవేలు పైకెత్తితే "పైకి వెళ్దాం" అని అర్థం. సూపర్‌గా ఉందని చూపిస్తే నిజంగానే పైకి తీసుకుపోతారు. బాగున్నానని చెప్పాలంటే బొటనవేలు, చూపుడువేలు కలిపి సున్నా చుట్టాలి. పాపకు ఇప్పటినుంచే అలవాటు చేయండి.

శరీరం తేలకుండా, మునగకుండా నీళ్ళ మధ్యలో నిలవడం చివరి డైవ్‌కి గానీ నాకు పట్టుబడలేదు. అది పట్టుబడ్డాక ఊపిరి పీలిస్తే కాస్త లేస్తాం, వదిలితే కాస్త దిగుతాం. చెయ్యి కదపకుండా, ఊపిరితోనే. పగడపు దిబ్బ మీదుగా అలా వెళ్ళడం కోసం మళ్ళీ మళ్ళీ వెళ్ళాలనిపిస్తుంది. దేన్నీ ముట్టుకోకండి అక్కా, పగడాలు ప్రాణమున్నవి. వన్యప్రాణి చట్టం కింద వాటికి పులితో సమానమైన రక్షణ ఉంది, ముక్క కూడా ఇంటికి తెచ్చుకోకూడదు.

మంగళగిరి_మగ్గం · మంగళగిరి

ఒక సందేహం. 2024 సెప్టెంబర్ వరదలప్పుడు ప్రకాశం బ్యారేజీ గేట్లకు పడవలు వచ్చి గుద్దుకున్నాయి కదా, మునిగినవాటిని కోయడానికి విశాఖ నుంచి డైవర్లు వచ్చారు. అప్పటి నుంచి మా అబ్బాయి ఆక్సిజన్ సిలిండర్ కట్టుకుని కృష్ణలోనే నేర్చుకోవచ్చు కదా అంటున్నాడు. అండమాన్ దాకా ఎందుకు?

సాగరతీరం · విశాఖపట్నం

అన్నా, మొదట సిలిండర్ సంగతి. అందులో ఉండేది ఆక్సిజన్ కాదు, మనం ఇప్పుడు పీలుస్తున్న మామూలు గాలే, 200 బార్ వరకు, అంటే వాతావరణ పీడనానికి సుమారు 200 రెట్లు, ఒత్తి నింపుతారు. ఉత్త ఆక్సిజన్‌తో ఆరు మీటర్లు దాటితే ఫిట్స్ వచ్చే ప్రమాదం ఉంది.

కృష్ణ విషయానికి వస్తే, ఆ వచ్చినవాళ్ళు వృత్తి డైవర్లు. ఆ వరదకు బ్యారేజీ మీదుగా 11 లక్షల క్యూసెక్కులు దాటి నీళ్ళు వెళ్ళాయి. తగ్గాక కూడా బురద నీళ్ళలో చెయ్యి చాపితే చెయ్యి కనపడని చోట, ప్రవాహంలో, ఇనుము కోసే పని అది. వాళ్ళకు దండం పెట్టాలి. కొత్తగా నేర్చుకునేవాడికి కావలసింది నిలకడైన నీళ్ళు, ఇన్‌స్ట్రక్టర్ ముఖం స్పష్టంగా కనిపించే వెలుగు. నదిలో వలలు, తీగలు, గేట్ల దగ్గర లాగే నీరు ఉంటాయి. బాపట్ల దగ్గర సూర్యలంక కూడా దీనికి పనికిరాదు, అక్కడ అలల్లో స్నానానికి దిగినవాళ్ళే కొట్టుకుపోతున్నారు. మన రాష్ట్రంలోనే చేయాలంటే విశాఖలో రుషికొండ వైపు చేయిస్తారు. అండమాన్ అంత తేటనీరు ఆశించవద్దు. పుదుచ్చేరి ఇంకో మార్గం.

పటమట_కుర్రాడు · విజయవాడ

మా నాన్నగారిని కూడా తీసుకెళ్దామనుకుంటున్నా. 58 ఏళ్ళు, బీపీకి మాత్ర వేసుకుంటారు, అది కంట్రోల్‌లోనే ఉంది. ఒక చోట ఫోన్ చేస్తే "హెల్త్ ఫారంలో జబ్బులేవీ లేవు అని టిక్ పెట్టేయండి, ఏం కాదు" అన్నారు. డాక్టర్ గారూ, ఒక్కరోజు డైవే కదా, పర్లేదా?

చెవి_ముక్కు_గొంతు · గుంటూరు

వద్దు బాబూ. అలా చెప్పినవాళ్ళ దగ్గరికి మీరు కూడా వెళ్ళవద్దు.

నీళ్ళలో మునగగానే చేతులు, కాళ్ళలోని రక్తం ఛాతీ వైపు చేరుతుంది, గుండెకు పని పెరుగుతుంది. దానికి తోడు బరువైన సామాను, చల్లదనం, కంగారు. కంట్రోల్‌లో ఉన్న బీపీతో డైవ్ చేసేవాళ్ళు ఉన్నారు, కానీ ఆ మాట గుండె పరీక్షలు చూసి డాక్టర్ రాసివ్వాలి. ఆస్తమా, ఫిట్స్, గుండె జబ్బు, చెవి ఆపరేషన్, గతంలో ఊపిరితిత్తికి చిల్లు పడి ఛాతీలోకి గాలి చేరడం, వీటిలో ఏది ఉన్నా ఫారంలో దాచవద్దు. గర్భిణులు డైవ్ చేయనే కూడదు. 45 దాటినవాళ్ళకు ఆ ఫారంలో విడిగా ప్రశ్నలుంటాయి. నాన్నగారిని ముందు కార్డియాలజిస్ట్ దగ్గరికి తీసుకెళ్ళండి. ఆయన కాదంటే గాజు అడుగున్న పడవ ఉంది, పగడాలు అందులోంచి కూడా కనిపిస్తాయి.

పటమట_కుర్రాడు · విజయవాడ

సరే సార్. ఈ వారమే చూపిస్తాను. ఈత గురించి మాత్రం నా మాట మీదే ఉన్నాను, ఈత రానివాళ్ళకు కూడా సముద్రం లోపల ఎలా ఉంటుందో చూసే అవకాశం ఉండాలి.

బందరు_కాలువ · విజయవాడ

చూడాలి బాబూ, నేనూ కాదనను. చూశాక అయినా ఈత నేర్చుకోమంటాను.

కృష్ణలంక_లలిత · విజయవాడ

మేమిద్దరం కోర్సే చేయాలని నిర్ణయించుకున్నాం. మా వారు ఒడ్డున ఉండి ఫోటోలు తీస్తారట. ప్యాకేజీ వాళ్ళతో మాట్లాడి ఆ డైవ్ తీసేయించి, రెండు రోజులు పెంచమన్నాను. కానీ వాళ్ళు చివరి డైవ్ అయిన సాయంత్రమే పడవెక్కించి, మర్నాడు పొద్దున్నే ఫ్లైట్ అంటున్నారు. డైవింగ్ స్కూల్‌ను ఎలా ఎంచుకోవాలో కూడా చెప్పండి.

సాగరతీరం · విశాఖపట్నం

ఆ ఫ్లైట్ ఒప్పుకోవద్దు. డైవ్‌లో పీడనం వల్ల నైట్రోజన్ రక్తంలో, కండరాల్లో కరుగుతుంది. అది మెల్లగా బయటికి పోవాలి. విమానంలో పీడనం తక్కువ కాబట్టి తొందరపడి ఎక్కితే లోపలే బుడగలు కడుతుంది. వరుసగా డైవ్‌లు చేసినవాళ్ళు కనీసం 18 గంటలు ఆగాలి. నేనైతే ఒక పూర్తి రోజు వదులుతాను. కోర్సు మొదట పెట్టుకుని, బీచ్‌లు, శ్రీవిజయపురంలో (పాత పేరు పోర్ట్ బ్లెయిర్) సెల్యులార్ జైలు చివరికి పెట్టండి. పైకి నిమిషానికి 9 మీటర్లు మించకుండా రావడం, 5 మీటర్ల దగ్గర మూడు నిమిషాలు ఆగడం కూడా ఈ నైట్రోజన్ కోసమే.

స్కూల్ గురించి. ఇన్‌స్ట్రక్టర్ సభ్యత్వ నంబర్ అడిగి ఆ సంస్థ వెబ్‌సైట్‌లో సరిచూసుకోండి. నీళ్ళలో ఒక ఇన్‌స్ట్రక్టర్‌కు ఎంతమందిని ఇస్తారో, పడవలో అత్యవసర ఆక్సిజన్ ఉందో లేదో అడగండి. అక్కడ కావలసింది నిజంగా ఆక్సిజనే. హెల్త్ ఫారం గురించి వాళ్ళే ముందు అడిగితే మంచి గుర్తు. పొద్దున పడవెక్కేముందు ఖాళీ కడుపు వద్దు, రెండు ఇడ్లీలు చాలు. ముందురోజు రాత్రి మందు అలవాటున్నవాళ్ళు మానాలి. మంచినీళ్ళు బాగా తాగండి. జనవరిలో కూడా ఒంటికి అతుక్కునే రబ్బరు వెట్‌సూట్ వద్దనకండి. నీరు ఒంట్లో వేడిని గాలికన్నా చాలా వేగంగా లాగేస్తుంది, రెండో డైవ్‌కి వణుకు వస్తుంది.

మంగళగిరి_మగ్గం · మంగళగిరి

మా అబ్బాయికి కళ్ళజోడు ఉంది. మాస్క్ లోపల అది ఎలా పెట్టుకుంటారు? మీసం ఉంటే నీళ్ళు వస్తాయని కూడా విన్నాను.

అరండల్‌పేట_అనుపమ · గుంటూరు

కళ్ళజోడు పెట్టుకోలేం అన్నా, దాని కాడల దగ్గర నుంచి నీళ్ళు వచ్చేస్తాయి. పవర్ అద్దాలున్న మాస్క్‌లు దొరుకుతాయి, స్కూల్‌కు ముందే నంబర్ చెప్తే కొన్ని చోట్ల వాళ్ళే ఇస్తారు. నేను మెత్తటి కాంటాక్ట్ లెన్స్‌తో చేశాను, మాస్క్ ఖాళీ చేసేటప్పుడు కళ్ళు మూసుకోవాలి. గట్టి లెన్స్ పెట్టుకోకూడదు. అద్దం గుండా నీళ్ళలో వస్తువులు దగ్గరగా, కాస్త పెద్దగా కనిపిస్తాయి కాబట్టి తక్కువ పవర్ ఉన్నవాళ్ళు చాలామంది మామూలు మాస్క్‌తోనే సర్దుకుంటారు.

మాస్క్ కొనేటప్పుడు పట్టీ తలకు వేయకుండా ముఖానికి ఆనించి ముక్కుతో గాలి లోపలికి పీల్చమనండి. చెయ్యి వదిలేసినా పడకుండా అంటుకుని ఉంటే ఆ సైజు సరిపోయినట్టు. లలితక్కా, పాపకు కూడా ఇలాగే చూడండి, పెద్దవాళ్ళ మాస్క్ పిల్లల ముఖానికి అంటదు. మీసం ఉన్నవాళ్ళు ముక్కు కింద అంచు తగిలే చోట సన్నగా గీయించుకుంటారు, మా బ్యాచ్‌లో ఒకాయన వాజలీన్ రాసుకుని సరిపెట్టారు.

కృష్ణలంక_లలిత · విజయవాడ

మంచి మాట చెప్పావమ్మా. ఆదివారం మాస్క్‌లు చూడటానికి వెళ్తున్నాం, పాపతో అక్కడే ఇలా పెట్టించి చూస్తాను.